కదలని టేపు కావాలి: వడ్రంగం పనిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. తాతల కాలం నుంచి మాది వడ్రంగం పనే. నాన్నగారు గుమ్మాలు, తలుపులు చేసేవారు. నేను ఇళ్లలో పెట్టుకునే పూజా మందిరాలను టేకుతో చేస్తున్నాను. ఈ మధ్య ఒకే కొలతలో పన్నెండు మందిరాలు కావాలని ఒకరు అడిగారు. ప్రతి మందిరానికీ ముందువైపు ఒక కమాను వస్తుంది కాబట్టి, అన్నీ ఒకేలా ఉండాలని చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో టెంప్లేటు, అంటే కమాను ఆకారపు అచ్చు, కోసుకుని, దానిని డబుల్ సైడ్ టేపుతో చెక్కకు అంటించి, ఆ అచ్చు అంచు వెంట దొర్లే బేరింగ్ ఉన్న బిట్టుతో రౌటరు (బిట్టును తిప్పి చెక్కను కోసే కరెంటు యంత్రం) నడిపాను. మొదటి రెండు కమానులు బాగానే వచ్చాయి. మూడోదానిలో టేపు ఊడలేదు గానీ టెంప్లేటు పక్కకు జరిగింది, బిట్టు కమాను లోపలికి మూడు మిల్లీమీటర్లు కోసేసింది. నేను వాడినది గోడకు అద్దాలు, బోర్డులు అంటించే తెల్లని ఫోమ్ టేపు. దుకాణంలో ఇంతకన్నా గట్టిది లేదన్నారు. తర్వాత కార్ల మీద అక్షరాలు అంటించే ఎర్ర పొర టేపు తెచ్చి వాడితే, రాత్రంతా వదిలేసినందువల్ల మర్నాడు టెంప్లేటు ఊడలేదు, బలవంతంగా తీస్తే ఎండీఎఫ్ పొరలు పొరలుగా చెక్కకే ఉండిపోయింది. మా బాబాయి టేపు మానేసి మేకులు కొట్టమంటున్నారు. కమాను ముందుభాగంలో మేకు గుర్తు ఉంటే ఎవరూ తీసుకోరు. ఏ టేపు కొనాలి, ఎలా అంటించాలి?

— ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం ఒక చిన్న మాటలో ఉంది. టేపు ఊడలేదు, టెంప్లేటు జరిగింది అని రాశారు. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా అనుకుని ఇంకా గట్టి టేపు కోసం వెతుకుతారు. మీరు మొదట వాడిన టేపు బలహీనమైనది కాదు, గోడ మీద అద్దాన్ని ఏళ్ల తరబడి మోయగలిగేదే. కానీ అది మందంగా, మెత్తగా ఉంటుంది. దాని రెండు ముఖాల మీద జిగురు ఉంటే, మధ్యలో ఒక మిల్లీమీటరో అంతకన్నా ఎక్కువో మందంలో నురుగు పొర ఉంటుంది. గోడ ఎగుడుదిగుళ్లకు సర్దుకోవడానికే ఆ నురుగు పెట్టారు. రౌటరు బేరింగు టెంప్లేటు అంచును పక్క నుంచి నొక్కినప్పుడు, రెండు ముఖాల జిగురూ తన పట్టు వదలకుండానే మధ్యలోని నురుగు సాగుతుంది, దానితో టెంప్లేటు జరుగుతుంది. మొదటి రెండు కమానులు బాగా రావడానికి కారణం అప్పటికి మీరు మెల్లగా, భయంభయంగా నడపడం అయి ఉండవచ్చు. మూడోదానికి చెయ్యి వేగం అందుకుని ఉంటుంది.

కాబట్టి టెంప్లేటు పనికి టేపును ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అది ఎంత గట్టిగా అంటుతుందన్నది కాదు, ఎంత పలుచగా ఉందన్నది. టేపు ఎంత పలుచగా ఉంటే పక్కకు జరిగే అవకాశం అంత తక్కువ. జిగురు టేపుకు పక్క నుంచి వచ్చే తోపును తట్టుకునే శక్తి చాలా ఎక్కువ, ఒక అంచు పట్టుకుని పైకి ఎత్తే శక్తికి మాత్రం అది అరటి తొక్కలా లొంగిపోతుంది. రౌటరు పనిలో ఎక్కువ భాగం పక్క తోపే కాబట్టి పలుచని టేపు చాలినంత బలాన్ని ఇస్తుంది. ఎత్తే శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుని దానిని రానివ్వకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. ఆ విషయానికి తర్వాత వస్తాను.

మన ఊళ్లలో దొరికే టేపులను ఈ దృష్టితో చూద్దాం. ఫ్లెక్స్ బోర్డులు తయారుచేసే దుకాణాల్లోనూ స్టేషనరీ దుకాణాల్లోనూ దొరికే సన్నని టిష్యూ టేపు సుమారు పదో వంతు మిల్లీమీటరు మందం ఉంటుంది. పలుచదనం విషయంలో దీనికి వంక పెట్టలేము. కానీ మధ్యలో ఉన్నది మెత్తని కాగితం లాంటి పొర కావడంతో తీసేటప్పుడు అది ముక్కలు ముక్కలుగా చినిగి, చెక్క మీద కొంత, టెంప్లేటు మీద కొంత మిగులుతుంది. పన్నెండు కమానులకు పన్నెండుసార్లు ఆ ముక్కలను గోటితో గీకుతూ కూర్చోవాలి. ఒకటి రెండు ముక్కల పనికైతే ఇది చాలు. ఇంతకన్నా మేలైనది తివాచీలు నేలకు అంటించడానికి వాడే గుడ్డ టేపు. దీనిలో రెండు జిగురు పొరల మధ్య నేత గుడ్డ ఉంటుంది. మందం పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉన్నా, గుడ్డ దారాలు సాగవు కాబట్టి టెంప్లేటు జరగదు. చేత్తో అడ్డంగా చింపితే దారం వెంట తిన్నగా తెగుతుంది, తీసేటప్పుడు ఒకే పట్టీగా లేచి వస్తుంది. మీ పనికి నేను చెప్పేది ఇదే. దీనిని హార్డ్‌వేర్ దుకాణంలో కార్పెట్ టేపు అని అడగండి. గుడ్డ బదులు నురుగు ఉన్న కార్పెట్ టేపు ఇస్తే మాత్రం తీసుకోకండి. చుట్ట అంచును చూస్తే తేడా తెలిసిపోతుంది: గుడ్డ టేపు అంచున నేత కనిపిస్తుంది, నురుగు టేపు అంచు గోరుతో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. గుడ్డకు బదులు పలుచని ప్లాస్టిక్ పొర ఉన్న టేపు కూడా ఇదే పని చేస్తుంది, తీసేటప్పుడు ఇంకా శుభ్రంగా వస్తుంది. అయితే దానిని చేత్తో చింపలేము, కత్తెర దగ్గర ఉంచుకోవాలి.

ఎర్ర పొర టేపు సంగతి వేరు. అందులోని యాక్రిలిక్ జిగురు అంటించిన వెంటనే పూర్తి బలానికి రాదు, గంటలు గడిచే కొద్దీ చెక్క రంధ్రాల్లోకి పాకుతూ బలం పెంచుకుంటుంది. ఈ తరగతికి చెందిన 3ఎం కంపెనీ వీహెచ్‌బీ టేపుల విషయంలో ఆ కంపెనీ చెప్పే లెక్క ఇది: గది ఉష్ణోగ్రతలో సుమారు 20 నిమిషాలకు సగం బలం, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి బలం వస్తాయి. శాశ్వతంగా అంటుకుని ఉండడానికే పుట్టిన టేపు అది. మీరు రాత్రంతా వదిలేసినప్పుడు అది తన పని తాను చేసుకుపోయింది, ఎండీఎఫ్ పొరల మధ్య పట్టు కన్నా టేపు పట్టు ఎక్కువైపోయింది. టెంప్లేటు పనికి కావలసిన టేపు గంట సేపు కదలకుండా ఉండి, ఆ తర్వాత మన మాట విని వదిలిపోవాలి. ఏ టేపు వాడినా అంటించిన పూటే కోసి, ఆ పూటే తీసేయండి. శనివారం అంటించి సోమవారం కోద్దామనుకోవడం ఎన్నడూ మంచిది కాదు.

మరో పద్ధతి ఉంది, చాలామంది చెయ్యి తిరిగిన పనివాళ్లు దీనినే ఎక్కువగా నమ్ముతారు. రంగులు వేసేవాళ్లు అంచులకు అంటించే మాస్కింగ్ టేపును చెక్క మీద ఒక పట్టీగా, టెంప్లేటు అడుగున సరిగ్గా దానికి ఎదురుగా మరో పట్టీగా అంటించి, రెంటినీ పుట్టీ బ్లేడు మొండి అంచుతో గట్టిగా రుద్ది, ఒక పట్టీ మీద ఫెవిక్విక్ లాంటి జిగురును సన్నని గీతగా వేసి, రెంటినీ కలిపి అర నిమిషం నొక్కి పట్టాలి. మాస్కింగ్ టేపును 1925లో అమెరికాలో రిచర్డ్ డ్రూ అనే ఆయన కార్లకు రెండు రంగులు వేసేవారి అవస్థ చూసి తయారుచేశాడు. రంగు పాడుచేయకుండా తేలికగా లేచిపోవడమే దాని పుట్టుకకు కారణం, మనకు కావలసిన గుణమూ అదే. రెండు పట్టీలు కలిసినా మందం మిల్లీమీటరులో మూడో వంతు దాటదు, మధ్యలోని జిగురు గాజులా గట్టిపడుతుంది కాబట్టి టెంప్లేటు వెంట్రుకంత కూడా జరగదు. పని అయ్యాక టేపులు ఒలిచేస్తే చెక్క మీద ఏమీ మిగలదు. ఇందులో ఇబ్బందులు రెండు. జిగురు టేపు దాటి చెక్క మీదికి పాకితే ఆ మరక పాలిష్ కింద శాశ్వతంగా కనిపిస్తుంది, కాబట్టి గీతను పట్టీ అంచుకు దూరంగా వేయాలి. రెండోది, ఆ జిగురు గాలిలోని తేమతో గట్టిపడే రకం కావడంతో, మన వైపు వడగాలులు వీచే ఏప్రిల్, మే నెలల్లో కొంచెం ఆలస్యం చేస్తుంది, వానాకాలంలో టెంప్లేటును సరిచేసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా పట్టేస్తుంది. ఎండాకాలంలో అర నిమిషానికి బదులు రెండు నిమిషాలు నొక్కి పట్టండి. వానాకాలంలో ముందే చెక్కకు రెండు వైపులా చిన్న చెక్కముక్కలను ఆనిపెట్టి, టెంప్లేటు వాటి మధ్యకు తిన్నగా దిగేలా చూసుకోండి.

ఇక టేకు విషయం. మన ఆలపల్లి, బల్లార్పూర్ వైపు టేకుకు ఎంత పేరుందో మీకు నేను చెప్పనక్కరలేదు. 2023లో అయోధ్య రామాలయం కోసం బల్లార్పూర్ డిపో నుంచే టేకు వెళ్లింది. అంత మంచి చెక్కను మూడు మిల్లీమీటర్ల పొరపాటుకు పొయ్యిలో పెట్టవలసి రావడం ఎవరికైనా కడుపు తరుక్కుపోయే విషయమే. ఆ చెక్క దగ్గరికి చెదలను రానివ్వని సహజమైన నూనె గుణమే టేపుకు అడ్డంకి. చిత్రిక పట్టిన ముఖాన్ని కొన్ని రోజులు వదిలేస్తే లోపలి నూనె పైకి వచ్చి కంటికి కనిపించని పొరగా నిలుస్తుంది, దాని మీద ఏ టేపైనా సగం బలంతోనే పట్టుకుంటుంది. అంటించడానికి కొద్ది నిమిషాల ముందు శుభ్రమైన తెల్ల గుడ్డను థిన్నరులో తడిపి టేపు పడే చోట తుడవండి. గుడ్డ పసుపుగా మారితే నూనె వస్తోందని అర్థం, గుడ్డ తిప్పి ఇంకోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. థిన్నరు పట్టుకున్నప్పుడు దగ్గర బీడీ గానీ పొయ్యి గానీ ఉండకూడదు.

నూనె కన్నా పెద్ద శత్రువు రంపపు పొట్టు. చెయ్యి పెట్టి చూస్తే శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, ఎండీఎఫ్ ధూళి గోధుమపిండి కన్నా మెత్తగా ఉండి, టేపు జిగురును తనకే అంటించుకుని చెక్కకు అంటనివ్వదు. అరచేత్తో తుడవకండి, చెమట అంటుతుంది. మెత్తని బ్రష్‌తో దులిపి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. కంప్రెసర్ గాలితో ఊదేవారు దానిలో నీటి తుంపర, నూనె తుంపర వస్తున్నాయేమో ముందు ఒక కాగితం మీద ఊది చూసుకోవాలి. నాకు జరిగింది చెబుతాను. ఒకసారి ఎనిమిది కుర్చీల వెనుక పలకలు కోస్తూ, రేకుల కప్పు కిందనే అల్మారాలో ఒక వేసవి అంతా ఉండిపోయిన టేపు చుట్టను తీసి వాడాను. చుట్ట అంచుల నుంచి జిగురు కారి, దాని మీద పొట్టు పేరుకుని ఉన్న సంగతి చూశాను, చూసి కూడా పై చుట్టు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. ఐదో పలక దగ్గర టెంప్లేటు జరిగి, నేను రౌటరు ఆపేలోగా పలక నడుము సన్నబడిపోయింది. అప్పటి నుంచి టేపు చుట్టలను మూత ఉన్న డబ్బాలో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో ఉంచుతున్నాను. దుకాణంలో కొనేటప్పుడు కూడా చుట్ట పక్క అంచును వేలితో తడిమి చూడండి. జిగురు కారి జిడ్డుగా తగిలితే అది పాతది, లేదా ఎండలో ఉన్నది.

మీ టెంప్లేటు పొరలుగా ఊడడానికి ఎండీఎఫ్ పైముఖం కూడా కారణమే. పచ్చి ఎండీఎఫ్ ముఖానికి రెండు పూతలు సాండింగ్ సీలరు గానీ లక్క పాలిష్ గానీ వేసి, ఆరాక సన్నరకం గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే టేపు బాగా పడుతుంది, శుభ్రంగా వదులుతుంది. పన్నెండు ముక్కలు కోసే పని కాబట్టి నా సలహా ఇంకొక మెట్టు పైకి వెళ్లమని. 12 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్‌కు అడుగు ముఖాన సన్‌మైకా అంటించి టెంప్లేటు చేసుకోండి. సన్‌మైకా నున్నగా ఉండడం వల్ల టేపు దానిని గట్టిగా పట్టుకుంటుంది, తీసేటప్పుడు పొర లేవదు, జిగురు మిగిలినా తుడిస్తే పోతుంది.

అంటించే పద్ధతి. టేపును ముఖమంతా పరచవద్దు, తీయడం కష్టమవుతుంది. మీ కమాను అడుగు పొడవు, నాలుగంగుళాల వెడల్పు అనుకుంటే, అంగుళం వెడల్పున్న టేపు రెండు మూడంగుళాల పట్టీలు మూడు చాలు: రెండు చివరల్లో ఒక్కొక్కటి, కమాను నడినెత్తిన ఒకటి. పట్టీలు ఒకదానిపై ఒకటి పడకూడదు, పడితే అక్కడ మందం రెట్టింపై టెంప్లేటు ఊగుతుంది. అంచుకు ఐదారు మిల్లీమీటర్లు లోపలే ఆపండి. అంచు దాటి వచ్చిన టేపును బిట్టు లాగేసుకుంటుంది, బేరింగుకు జిగురు పట్టి అది తిరగడం మానేస్తే టెంప్లేటు అంచు కాలి నల్లబడుతుంది. టెంప్లేటును పెట్టాక చేత్తో నొక్కడం చాలదు. ఈ టేపులన్నీ ఒత్తిడికే పట్టుకునేవి, ఒత్తిడి లేకపోతే జిగురు చెక్క నార మొనల మీదనే నిలిచి లోపలి పల్లాలను తాకదు. ప్రతి పట్టీ ఉన్నచోటా పైన ఒక చెక్కముక్క పెట్టి క్లాంపుతో బిగించి, పదిహేను ఇరవై సెకన్లు ఉంచి తీయండి. ఈ ఒక్క పనితో అదే టేపు పట్టు ఎంత పెరుగుతుందో మీరే చూస్తారు. టేపు మార్చేముందు మీరు చేయవలసిన మొదటి మార్పు ఇదే.

ఇప్పుడు ఎత్తే శక్తి సంగతి. మీ కమాను నాలుగంగుళాల వెడల్పుది, రౌటరు అడుగు పలక దాదాపు ఆరంగుళాలు ఉంటుంది. అంటే నడిపేటప్పుడు రౌటరులో సగం గాలిలో వేలాడుతుంది, చెయ్యి కొంచెం బరువు వేస్తే అది అటు వాలి టెంప్లేటు రెండో అంచును పైకి ఎత్తుతుంది. టేపు ఓడిపోయేది అక్కడే. టెంప్లేటు, చెక్క కలిసిన మందానికి సమానమైన ఒక ముక్కను కోసుకుని, బిట్టుకు అడ్డం రాకుండా పక్కన బల్లకు బిగించి, రౌటరు రెండో వైపు దాని మీద ఆనేలా చేయండి. దీనితో పాటు, బిట్టుకు తక్కువ పని ఇవ్వండి. జిగ్‌సాతో (వంపులు కోసే కరెంటు రంపం) గీతకు రెండు మిల్లీమీటర్ల దూరం వరకు కోసేసి, ఆ రెండు మిల్లీమీటర్లనే రౌటరుకు వదలండి. ఐదారు మిల్లీమీటర్లు ఒకేసారి తీయించడం వల్ల వచ్చే గుద్దును ఏ టేపూ భరించదు. పైనుంచి చూస్తే రౌటరు బిట్టు గడియారం ముళ్ల దిశలో తిరుగుతుంది. బయటి అంచు వెంట రౌటరును దానికి ఎదురు దిశలో, కమాను లోపలి వంపు వెంట ముళ్ల దిశలో నడపాలి. తారుమారు చేస్తే బిట్టు చెక్కను కొరికి రౌటరును ముందుకు లాక్కుపోతుంది, టెంప్లేటును కూడా లాగుతుంది. మీ మూడో కమాను ఏ దిశలో నడుపుతుండగా పాడైందో ఒకసారి గుర్తు చేసుకోండి. బిట్టు మొద్దుబారిందేమో కూడా చూడండి. టేకులో ఇసుక గుణం ఉంటుంది, మంచి పదును కూడా నాలుగైదు ముక్కలకే తగ్గడం మొదలవుతుంది, మొద్దు బిట్టు కోయడానికి బదులు తోస్తుంది.

తీసేటప్పుడు ఉలితో ఎత్తకండి, అంచు నలుగుతుంది. అనవసరమైన చెక్క నుంచి సన్నని చీలికలు రెండు చేసుకుని, ఒక మూల నుంచి మెల్లగా దూర్చి, వదిలి, కొద్దిసేపు ఆగండి. జిగురు నిదానంగా లాగితే నిదానంగా లొంగుతుంది, ఒక్కసారిగా పెకలిస్తే చెక్క నారను తీసుకుని పోతుంది. రాకపోతే చీలిక దూరిన సందులో థిన్నరు చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగండి. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చబెట్టినా జిగురు మెత్తబడుతుంది. ఈ గుణమే వేసవిలో మనకు ఎదురు తిరుగుతుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం 45 డిగ్రీల వేడిలో రబ్బరు జిగురు టేపులు మెత్తబడి మెల్లగా జారతాయి. మే నెలలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోండి.

బాబాయి గారి మాటను కొట్టిపారేయకండి. కుర్చీ కాలి లోపలి ముఖం, బల్ల పలక అడుగు లాంటి కనిపించని ముఖం ఉన్నప్పుడు రెండు చిన్న స్క్రూలు ఏ టేపు కన్నా నమ్మదగినవి, నేనూ అక్కడ స్క్రూలే వాడతాను. మీ కమాను వెనుక ముఖం మందిరం లోపలివైపుకు వెళ్లి కనిపించకుండా ఉంటుందా? అలా అయితే టెంప్లేటును ఆ ముఖానికే, బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి బిగించి, స్క్రూ రంధ్రాలను తర్వాత టేకు పొట్టు, జిగురు కలిపి పూడ్చవచ్చు. రెండు ముఖాలూ కనిపించేలా ఉంటేనే టేపు వాడండి. కొత్త టేపు ఏది తెచ్చినా మొదట కమాను మీద పెట్టకండి. అరచేతి సైజు టేకు ముక్కలు రెండు తీసుకుని, వాటి మధ్య రెండంగుళాల పట్టీ వేసి, క్లాంపుతో నొక్కి, పావుగంట తర్వాత ఒకదాన్ని బల్లకు బిగించి రెండోదాన్ని సుత్తి కర్రతో పక్క నుంచి తట్టి చూడండి. జరగకపోతే, చీలికతో తీసి ఏమి మిగిలిందో చూడండి. టేపు గురించి దుకాణదారు చెప్పలేనిది ఈ రెండు ముక్కలు చెబుతాయి.

ప్రశ్న: టెంప్లేటు తీశాక టేకు మీద టేపు జిగురు మిగిలిపోయింది. గరుకు కాగితంతో రుద్ది పాలిష్ వేస్తే, ఆ చోట పట్టీ ఆకారంలోనే పాలిపోయిన మచ్చ కనిపిస్తోంది. పాలిష్ మొత్తం తీసేయాలా?

— ఒక పాఠకుడు, అహేరి

జవాబు: తీయక తప్పదు, కానీ మొత్తం ముఖానిది తీయండి, మచ్చ ఉన్నంత మేర తీస్తే చుట్టూ అంచు కనిపిస్తుంది. పొరపాటు పాలిష్‌లో లేదు, గరుకు కాగితాన్ని ముందు వాడడంలో ఉంది. రుద్దేటప్పుడు పుట్టే వేడికి జిగురు కరిగి టేకు రంధ్రాల్లోకి దిగిపోయింది. టేకుకు ఏటేటా పెరిగే వలయాల్లో పెద్ద రంధ్రాల వరుస ఉంటుంది, అందులోకి దిగిన జిగురును కాగితం తీయలేదు, పాలిష్ అక్కడికి వెళ్లలేదు. ఇకపై జిగురు మిగిలినప్పుడు ముందుగా బొటనవేలితో ఉండలా దొర్లించి తీయండి. అదే టేపు ముక్కను ఉండ చేసి దానితో అద్ది తీసినా చాలావరకు వచ్చేస్తుంది. మిగిలిన జిడ్డుకు, రబ్బరు జిగురైతే టర్పెంటైన్, యాక్రిలిక్ జిగురైతే థిన్నరు, శుభ్రమైన గుడ్డతో. ఏది ఏ జిగురో తెలియకపోతే రెంటినీ ఒక మూల పరీక్షించి చూడండి. కిరోసిన్ మాత్రం వద్దు, జిగురును తీసి తన జిడ్డును వదిలిపోతుంది. పూర్తిగా ఆరిన తర్వాతే కాగితం పట్టండి. పాలిష్‌కు ముందు ముఖమంతా థిన్నరుతో ఒకసారి తడిపి వెలుతురుకు ఏటవాలుగా చూస్తే, జిగురు మిగిలిన చోటు తడవకుండా పాలిపోయి కనిపిస్తుంది. ఆ చూపు పాలిష్ డబ్బా మూత తీయకముందే చూడాలి.

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇక్కడ ఇళ్ల ముందు పేరు పలకలు ఎక్కువగా మరాఠీలోనే దొరుకుతాయి. మా అన్నయ్య, నేను కలిసి తెలుగు అక్షరాలను 18 మిల్లీమీటర్ల చెక్కతో, అరచేతిలో పట్టేంత సైజులో కోసి పలకలకు అంటించి ఇద్దామనుకుంటున్నాము. ఒక్కో అక్షరానికి టెంప్లేటు చేసి టేపుతో అంటించి రౌటరుతో కోయవచ్చా?

— ఒక పాఠకురాలు, ధర్మాబాద్

జవాబు: అమ్మా, మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది, అందుకే మొదట వద్దన్న మాట చెబుతున్నాను. అరచేతి సైజు ముక్కను విడిగా పెట్టి దాని మీద చేతి రౌటరు నడపకండి. ఆ ముక్కను పట్టుకోవడానికి చోటుండదు, టేపు వేయడానికి చోటుండదు, రౌటరు కూర్చోవడానికి చోటుండదు. ముక్క ఎగిరిపడితే వేళ్లు బిట్టు దగ్గరికి వెళతాయి. అక్షరాన్ని పెద్ద పలకలోనే ఉంచి కోయండి. అడుగు వెడల్పు పలకను బల్లకు క్లాంపులతో బిగించి, అక్షరం ఆకారం మధ్యలో తెరుచుకుని ఉండే పెద్ద టెంప్లేటును దాని మీద గుడ్డ టేపుతో అంటించి, పలక నాలుగు మూలలా, అక్షరం పడని చోట, స్క్రూలు కూడా వేయండి. బిట్టును మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున లోతు పెంచుతూ నాలుగైదుసార్లుగా దించి, అడుగున రెండు మిల్లీమీటర్ల పొర మిగల్చండి. ఆ పొరే అక్షరాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. చివరికి చేతి రంపంతో విడదీసి, ఆకురాయితో అంచులు సరిచేయండి.

తెలుగు అక్షరాల గుండ్రదనం రౌటరుకు బాగా నప్పుతుంది, సరళరేఖల లిపులకన్నా మనదే దీనికి అనుకూలం. అయితే 6 మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలల్లో 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా సన్నని వంపును కోయలేదు. తలకట్టు అక్షరాన్ని కలిసే కోణంలోనూ, ‘ళ’, ‘క్ష’ల మెలికల్లోనూ అక్షరం నిండిపోయినట్టు కనిపిస్తుంది. ఆ చోట్లను బొమ్మ గీసేటప్పుడే కొంచెం తెరిచి గీయండి, లేదా రౌటరును అక్కడికి తీసుకుపోకుండా సన్నని ఉలితో చేత్తో తీయండి. పని చేస్తున్నంతసేపూ కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. టేకు ధూళి చాలామందికి చర్మంపై దురద, ఊపిరిలో ఇబ్బంది కలిగిస్తుంది. బిట్టు మార్చేటప్పుడు రౌటరు స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గు తీసేయండి. మొదటి పలకకు రెండే అక్షరాలున్న పేరును ఎంచుకుని, ఆ రెండూ కుదిరాక పెద్ద పేర్లకు వెళ్లండి.